గోడ కోసేవాడికి బడి ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారికి,



2024 జూన్ 13న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు సచివాలయంలో బాధ్యతలు తీసుకుని మొదట సంతకం పెట్టిన ఐదు ఫైళ్ళలో నైపుణ్య గణన ఒకటి. ఎవరి చేతిలో ఏ పని ఉందో లెక్క తీయాలన్న ఆలోచన మంచిదే. ఆ లెక్కలో మా పత్తికొండ కుర్రాళ్ళు కొందరు ఏ గడిలోకి వస్తారన్నదే నాకు అంతుపట్టడం లేదు. వాళ్ళు గోడ కట్టరు, కట్టిన గోడను కోస్తారు. శ్లాబు పోయరు, పోసిన శ్లాబుకు కన్నం పెడతారు. మేస్త్రీకి ఐటీఐలో ట్రేడు ఉంది, ప్లంబరుకు ఉంది, ఎలక్ట్రీషియనుకు ఉంది. ఈ ముగ్గురూ పని మధ్యలో ఆగిపోయి ‘కటింగ్ పిల్లోణ్ణి పిలువు’ అంటారే, ఆ పిల్లోడికి మాత్రం బడీ లేదు, సర్టిఫికెట్టూ లేదు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే బేల్దారి వెంట తిరిగి నేర్చుకున్నానంటాడు. ఆ బేల్దారికి ఎవరు నేర్పారో అడగకపోవడమే మంచిది. నేను ఇక్కడ చిన్నాచితకా ఇళ్ళ పనులు ఒప్పుకుని చేయించే మనిషిని. ఆ పిల్లోడి తరఫున, వాణ్ణి ఇంట్లోకి పిలుచుకునే వాళ్ళ తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

కోసే పని ఇంత పెరగడానికి మా ఇళ్ళ తీరే కారణం. ఇక్కడ పాత ఇల్లంటే రాతి గోడ, పైన మట్టి మిద్దె. గోడ మందం అడుగున్నర, కొన్నిచోట్ల రెండడుగులు. దూలాల మీద పలకలో బండలో పరిచి, మట్టి వేసి, వాన దిగకుండా చౌడు పోసేవారు. నడుమ గవాచి ఉండేది. వెలుగు అందులోంచి దిగేది, పొయ్యి పొగ అందులోంచే పోయేది, చినుకు పడితే ఎవరో ఒకరు మిద్దెక్కి మూత వేసేవారు. శ్లాబులొచ్చాక గవాచి పోయింది. ఇళ్ళేమో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పక్క గోడకు కిటికీ పెట్టే వీలుండదు. దాంతో నడిమింట్లో పట్టపగలు లైటు వేసుకుని కూర్చుంటున్నారు. ఆ ఇళ్ళవాళ్ళే ఇప్పుడొచ్చి శ్లాబుకు గవాచి పెట్టిస్తావా అని అడుగుతున్నారు. అన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో ఒకరికి కొత్త బాగిలి కావాలి. పైన గది వేసుకున్నవాళ్ళకు లోపలినుంచే మెట్లు కావాలి. మోకాళ్ళు పట్టేసిన పెద్దవాళ్ళకు పడకగదిని ఆనుకుని బాత్రూము కావాలి, దానికి నాలుగంగుళాల పైపు గోడ దాటాలి. ఏసీ, వంటింటి చిమ్నీ, మిద్దె మీద సోలార్ హీటరు, ఏది తెచ్చుకున్నా ముందు ఒక కన్నం పడాల్సిందే.

ఆ కన్నం ఎలా పడుతోందో చెబుతాను. సమ్మెట, ఉలి పోయి బ్రేకర్ మిషన్ వచ్చింది. అది కొట్టే పనిని కోత అనడానికి నాకు నోరు రాదు, అది కుళ్ళగించడం. నాలుగంగుళాల పైపు కోసం పదంగుళాల గుంత చేస్తుంది. ఆ అదురుకు చుట్టూ సన్నటి పగుళ్ళు పారతాయి, కమ్మీకీ కాంక్రీటుకూ పట్టు వదులుతుంది. పైపు పెట్టాక మిగిలిన సందును సిమెంటు, చిప్సుతో పూడుస్తారు. పాత కాంక్రీటుతో కొత్తది సరిగా అతకదు, వానాకాలం రాగానే అక్కడ చెమ్మ దిగుతుంది. కమ్మీ అడ్డమొస్తే గ్రైండరుతో తెంపేస్తారు. అది బరువు మోసే కమ్మీయా, పంపకపు కమ్మీయా అని ఎవరూ ఆగి చూడరు. అన్నిటికన్నా నేను భయపడేది బీమును. పైపుకు వాటం చాలలేదని నడిమధ్యలో బీము అడుగునే తొలిచేస్తారు. బీము వంగకుండా పట్టుకునే కమ్మీలు ఆ చోట సరిగ్గా అడుగునే ఉంటాయి. ఇల్లు మర్నాడే కూలదు, అదే చిక్కు. పదేళ్ళకు పగులు కనిపిస్తే పునాది దిగిందనుకుంటారు.

బరువు సంగతి కూడా ఎవరూ లెక్క వేయరు. కమ్మీ వేసిన కాంక్రీటు ఘనమీటరుకు రెండున్నర టన్నులు తూగుతుంది. ఐదంగుళాల శ్లాబులో మూడడుగులకు మూడడుగుల గవాచి కోస్తే, ఊడి వచ్చే ముక్క రెండున్నర క్వింటాళ్ళకు పైమాటే. మెట్ల కోసం పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తీస్తే తొమ్మిది క్వింటాళ్ళకు దగ్గర. కింద జాకీలు నిలబెట్టి, చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్కటీ దించాలి. ఇక్కడ జరిగేదేమిటంటే, కింద మంచాలు జరిపి, గదిలో ఎవరూ లేరుగా అని ఒక కేక వేస్తారు.

దీనికి మందు లేకపోలేదు. గుండ్రటి గొట్టంలాంటి కోర్ బిట్ తిప్పి కన్నం పెట్టే మిషన్లు, పద్నాలుగంగుళాల బ్లేడు రంపాలు, పట్టాల మీద నడుస్తూ గోడను కోసే రంపాలు పెద్ద నగరాల్లో ఏనాటినుంచో ఉన్నాయి. వాటి పంటికి పదును వజ్రమే. మా పక్కనే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో వచ్చి వంగి వజ్రాలు వెతుకుతారని మీకు తెలిసే ఉంటుంది. బ్లేడుకు ఆ వజ్రాలు అక్కర్లేదు. 1950ల్లో స్వీడన్, అమెరికా కంపెనీలు ఫ్యాక్టరీలో చేయడం నేర్చుకున్న కృత్రిమ వజ్రపు రవ్వ చాలు. ఆ రవ్వను లోహపు పొడిలో కలిపి బ్లేడు అంచుకు అతికిస్తారు. లోహం అరిగేకొద్దీ కొత్త రవ్వ బయటపడుతుంది, అదీ దాని కిటుకు. గట్టి కంకర ఉన్న కాంక్రీటుకు లోహం మెత్తగా ఉండాలి, లేకపోతే మొద్దుబారిన రవ్వ రాలక బ్లేడు కోయడం మానేస్తుంది. మెత్తటి, ఇసుక ఎక్కువున్న సరుకుకు గట్టి లోహం కావాలి. మా పిల్లలు టైల్సుకు కొన్న బ్లేడునే శ్లాబుకూ పెట్టి, తెగకపోయేసరికి బలం కొద్దీ అదుముతారు. బ్లేడు కాలి వంకర పోతుంది, ఒక్కోసారి విరిగి ఎగురుతుంది.

ఇంకో లెక్కా ఉంది. చేతిలో పట్టే నాలుగంగుళాల కట్టరు దిగేది అంగుళంపావు లోతుకే, శ్లాబు మందమేమో ఐదంగుళాలు. అందుకే పైన ఒక గీత గీసి మిగతాది బ్రేకరుతో కొడతారు. పద్నాలుగంగుళాల బ్లేడైతే ఐదంగుళాలూ దిగుతుంది. మూలల్లో ముందు కోర్ కన్నాలు పెట్టుకుని వాటి మధ్య కోస్తే గీత మూల దాటిపోదు, అక్కణ్ణుంచి పగులు పారదు. ఆ రంపాల్లో చాలావాటికి పెట్రోలు ఇంజను ఉంటుంది. కిటికీలు లేని మా నడిమింట్లో దాన్ని నడిపితే పొగకే మనిషి పడిపోతాడు, కరెంటుదే వాడాలి. ఇవన్నీ ఒక వారం నేర్పితే వచ్చే సంగతులు. ఎవరూ నేర్పకపోతే ఒక చెయ్యో, ఒక శ్లాబో పోయాక తెలిసే సంగతులు.

అసలు నాచేత ఈ లేఖ రాయించింది దుమ్ము. మా పిల్లలు పొడిగానే కోస్తారు. మూతికి తువ్వాలు చుట్టుకుని, గది నిండా తెల్లటి దుమ్ములో అరగంట నిలబడి, బయటికొచ్చి ఉమ్మేసి, టీ తాగి మళ్ళీ లోపలికి పోతారు. బేతంచెర్ల బండలు, కడప బండలు కోసే చోట పనిచేసొచ్చిన వాళ్ళయితే ఇదేం దుమ్మన్నా, మేం చూడనిదా అంటారు. ఆ బండ సున్నపురాయి. అది కూడా పీల్చదగిందేమీ కాదు గానీ, కాంక్రీటు సంగతి వేరు. అందులో సగానికి పైగా ఇసుక, కంకర. ఇసుకంటే స్ఫటికం, అంటే సిలికా. బ్లేడు దాన్ని కంటికి కనపడనంత మెత్తగా నూరి గాల్లో వదులుతుంది. ఆ నలుసును తువ్వాలు ఆపదు, ముక్కు ఆపదు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కు పోతుంది. దాంతో వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. దగ్గు, ఆయాసం చూసి క్షయ అనుకుని దానికి మందులు మింగేవాళ్ళుంటారు. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు క్షయ కూడా తేలిగ్గా పట్టుకుంటుంది. అమెరికాలో 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో పీల్చే గాలిలో సిలికా సగటున ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశంలో గని, క్వారీ కూలీల చావులు చూసి చూసి రాజస్థాన్ 2019లో ఈ జబ్బుకే ఒక విధానం తెచ్చింది. శ్లాబు కోసేవాణ్ణి ఎవరు లెక్కపెడతారు?

నీళ్ళు పెట్టి కోస్తే దుమ్ము చాలావరకు లేవదు. ఈ మాట మా దగ్గర అంటే ఎవరైనా నవ్వుతారు. బిందె నీళ్ళ కోసం వీధి కుళాయి దగ్గర కాచుకున్న ఊరిది, తాగడానికే లేకపోతే గోడకు పోస్తావా అంటారు. నేనూ లెక్క వేసి చూశాను. చేతి రంపానికి నిమిషానికి అర లీటరు ధార చాలునని బ్రిటన్ భద్రతా శాఖ సూచన. గంటసేపు ఆగకుండా కోసినా 30 లీటర్లు, అంటే రెండు బిందెలు. కోర్ మిషన్‌కు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. కోశాక గదిలో దుమ్ము కడగడానికి ఇంటావిడ పోసే నీళ్ళు ఇంతకు మించి ఉంటాయి. నీటి కరువు నిజమే గానీ ఈ పనికి అది సాకు కాదు.

అయితే నీళ్ళు పోసే పద్ధతి కూడా నేర్పాలి. ఇప్పుడు పక్కన ఒక చిన్నపిల్లోణ్ణి నిలబెట్టి, కూల్‌డ్రింకు బాటిలు మూతకు కన్నం పెట్టి, తిరుగుతున్న కరెంటు మిషన్ మీద చిమ్మిస్తున్నారు. ప్లగ్గు కూడా లేకుండా వైర్లు నేరుగా హోల్డరులో గుచ్చి ఉంటాయి. 30 మిల్లీఆంపుల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకర్ ఒకటి బోర్డుకూ మిషన్‌కూ మధ్య ఉంటే ప్రాణం నిలుస్తుంది. అది లేని చోట తడి కోత కోయించడానికి నేనూ ఒప్పుకోను.

చట్టం ఉంది కదా అంటారేమో. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, సొంత ఇంటి కోసం పది లక్షల లోపు ఖర్చుతో పని చేయించుకునేవాణ్ణి తన పరిధిలోంచి వదిలేసింది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత స్మృతి ఆ గీతను యాభై లక్షలకు జరిపింది. పత్తికొండలో యాభై లక్షలు దాటే మరమ్మతు ఏముంటుంది? అంటే మా కోత పని యావత్తూ గీతకు ఇవతలే మిగిలింది. ప్రతి ఇంటి మరమ్మతుకూ ఇన్‌స్పెక్టరు రావాలని నేను కోరను, వచ్చినా ఏం జరుగుతుందో తెలుసు. తనిఖీ రాని చోట పనివాడి చేతిలోని విద్యే కాపాడాలి. అందుకే కార్మిక శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

ఇంటివాళ్ళ తప్పు లేదని కాదు. కన్నానికి ఇంత అని బేరమాడతారే గానీ, ఏ మిషన్ తెస్తావని అడగరు. వీధిలో కుళాయి పైపు కోసం సీసీ రోడ్డు పగలగొట్టే చోటా ఇదే తంతు. ముందు రెండు వైపులా బ్లేడుతో గీత కోసుకుంటే అంచు నిలుస్తుంది. అంత ఓపిక ఎవరికీ లేదు.

మిషన్ ఒక్కటే ఇస్తే సరిపోదని కూడా చెప్పాలి. మా పాత రాతి గోడల్లో చాలావాటికి మధ్యలో ఉన్నది మట్టే. అక్కడ రంపం పెడితే రాళ్ళు కదిలి పైనుంచి జారతాయి. పైన దూలాలకు ఊతమిచ్చి, ఒక్కో రాయీ చేత్తో తీసి, లింటల్ పెట్టుకుంటూ రావాలి, అది బేల్దారి పని. బండల మిద్దెలో బండ పొరలుగా చీలుతుంది, పైన టన్నుల మట్టి ఉంటుంది, దాన్ని ముట్టకపోవడమే మేలు. ఎక్కడ కోయకూడదో చెప్పగలిగినవాడే నా దృష్టిలో పనివాడు. మీరు పెట్టే పాఠంలో మొదటి రోజంతా దీనికే ఇవ్వాలి.

2022లో పత్తికొండ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఇక్కడ పది, పదిహేను రోజుల కోర్సు ఒకటి పెట్టండి. ఇప్పటికే ఈ పని చేస్తున్న వాళ్ళను ముందు తీసుకోండి. చేతికొచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఎలాగూ ఉంది. క్లాసుకొస్తే కూలి పోతుంది కాబట్టి ఆ రోజుల కూలి ఇవ్వండి, లేకపోతే ఎవరూ రారు. వచ్చినట్టు సంతకాలు మాత్రం ఉంటాయి. ఒక కోర్ మిషను, నీటి ధార ఉన్న కరెంటు రంపం, కమ్మీ ఎక్కడుందో చూపే డిటెక్టరు, లీకేజీ బ్రేకరున్న బోర్డు, ఈ నాలుగూ కేంద్రంలో ఉంచి, కోర్సు అయినవాళ్ళకు రోజు అద్దెకు ఇవ్వండి. సొంతంగా కొనే తాహతు వాళ్ళకు లేదు, కొన్నా నెలంతా పని దొరకదు. నేర్పడానికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో రోజూ సైట్లో కోసే మనిషిని తెప్పించండి. స్లైడ్లు వేసి చూపించేవాళ్ళు వద్దు.

మీరు ఒప్పుకుంటే పాఠానికి కోసి చూపడానికి శ్లాబు వెతకాల్సిన పని లేదు. గవాచి కావాలని నా దగ్గరికొచ్చిన ఇళ్ళున్నాయి, సరైన మిషన్ వచ్చేదాకా ఆగమని వాళ్ళకు చెప్పి ఉంచాను. వాళ్ళను అడిగి ఒప్పిస్తాను, జాకీలు నేను తెస్తాను, నీళ్ళ బిందెలు ఇంటివాళ్ళు పెడతారు.

ఇట్లు,
పత్తికొండలో ఇళ్ళ పనులు చేయించే ఒక చిన్న కాంట్రాక్టరు