గుస్సాడీ టోపీ ఎవరి స్వాగతానికి?



మొన్న గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఎండాకాలంలో ఏదో సన్మాన సభ. నెమలీకల టోపీలు పెట్టుకొని గుస్సాడీలు ఎగురుతున్నరు, వెనకాల డీజే మోగుతోంది. మనలో కొందరం మురిసిపోయినం, కొందరం మనసు కష్టపెట్టుకున్నం. రెండూ న్యాయమే. అందుకే ఈ పోస్టు.

గుస్సాడీ ఉత్త డ్యాన్స్ కాదు, దీక్ష. దీపావళికి దండారి మొదలైతే ఏత్మాసుర్ పేన్‌కు మొక్కి టోపీ ధరిస్తరు. కోలబొడి దాకా స్నానం లేదు. ఒంటికి బూడిద, భుజాన తోలు, చేతిలో కర్ర. ఆ రోజుల్లో ఆయన మన అన్నో, బావో కాదు, దేవుడు పూనిన మనిషి. డప్పు, గుమేలా, పెప్రే మోగుతుంటే ఒక ఊరి దండారి ఇంకో ఊరికి చుట్టమై పోతది. మన మందమర్రికి దగ్గర్లోనే, దండేపల్లి మండలం గుడిరేవులో, గోదారి ఒడ్డున పద్మల్‌పురి కాకో దగ్గరికి ఎన్ని దండారిలు వస్తయో చూసినోళ్లకు తెలుసు. అక్కడ ఆట, మొక్కు వేరు వేరు కావు.

అట్లని స్టేజీ వద్దని మేం అనడం లేదు. మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని దేశానికి చూపించిండ్రు, 2021లో పద్మశ్రీ అందుకున్నరు. 2024 అక్టోబర్‌లో, దీపావళికి కొన్ని రోజుల ముందు, ఆయన పోయినప్పుడు మనందరం తలవంచినం.

బ్రెజిల్ సాంబా కథ కూడా ఇట్లాంటిదే. రియోలో ఒకప్పుడు నల్లజాతి వాళ్ల సాంబాను పోలీసులు వెంటాడిండ్రు. కాందోంబ్లే అనే వాళ్ల కొలుపును నడిపే తియా సియాటా ఇంట్లోనే ఆ పాటగాళ్లు కూడేవాళ్లు. 1930ల తర్వాత అదే సాంబాను సర్కారు దేశం గుర్తు చేసుకుంది. కార్నివాల్ ఇయ్యాల పెద్ద వ్యాపారం. గని కాందోంబ్లే పూజలో డప్పు ఇప్పటికీ దేవతలను పిలవడానికే మోగుతది. వీధిలో ఆట వేరు, కొలుపు ఇల్లు వేరు. ఆ గీత వాళ్లు చెరపలేదు.

మన గీత ఎక్కడ? మా అభిప్రాయం ఇది. సభలకు థింసా ఆడుదాం, డప్పు కొడదాం. గుస్సాడీ టోపీ బయటికి తీయాల్నా వద్దా అన్నది మాత్రం ఊరి పటేల్, పెద్దలు చెప్పాలె. పిలిచిన ఆఫీసరో లీడరో కాదు, పైసలిచ్చినోళ్లూ కాదు.

ఇంకో మాట మనకే. సింగరేణి కాలనీల్లో పెరిగిన మనలో పెప్రే ఊదొచ్చినోళ్లు ఎంతమంది? ఊదేటోళ్లు ముసలోళ్లయితున్నరు. వాళ్ల తర్వాత డీజే రాక ఏమొస్తది? డీజేను తిట్టుడు అల్కనే, నేర్చుకునుడే కష్టం. ఈ దీపావళికి ఊరికి పోయినప్పుడు ఫోన్ జేబులో పెట్టి, పెప్రే తాత పక్కన కూసుందాం. ముందుగాల ఎవరు కూసుంటరో కింద రాయండి.

రామ్ రామ్.