రాజు మారాడు.. కప్పు మిగిలింది!

కప్పుమీద రాజుగారి బొమ్మ. కింద పట్టాభిషేకం తేదీ.. 1937 మే 12. తేదీ సరైనదే. ఆ రోజు లండన్‌లో పట్టాభిషేకం జరిగింది. కిరీటం పెట్టుకున్నది మాత్రం బొమ్మలోని ఎనిమిదో ఎడ్వర్డ్ కాదు, ఆయన తమ్ముడు ఆరో జార్జ్! 1936 డిసెంబరులో ఎడ్వర్డ్ గద్దె దిగేనాటికే ఆయన పేరిట కప్పులూ పళ్లేలూ కుప్పలుగా తయారైపోయాయి. జరగని పట్టాభిషేకం కప్పు కదా, లక్షలు పలుకుతుందనుకుంటారు చాలామంది. అంత లేదు. లెక్కకు మిక్కిలి చేయడంతో అవి ఇప్పటికీ సులువుగానే దొరుకుతాయి. 1902లో ఏడో ఎడ్వర్డ్ కప్పుల్దీ ఇలాంటి కథే. వాటిమీద జూన్ 26 అని ఉంటుంది. రాజుగారికి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ చేయాల్సి రావడంతో వేడుక ఆగస్టు 9కి వాయిదా పడింది.

పింగాణీ జ్ఞాపికలు పోగేసేవాళ్లకు ఈ తికమకలే సరదా. ఇందులో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. 1936 జనవరిలో అయిదో జార్జ్ మరణించడంతోనే ఎడ్వర్డ్ రాజయ్యాడు. ఆ మరణం వల్లే ఏడో నిజాం రజతోత్సవం కూడా 1937కి జరిగింది. అప్పుడు ఆయనకొచ్చిన కానుకలు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నాయి. పింగాణీయే చూడాలనుకుంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాలి. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు. 1949లో కన్నుమూసేదాకా చైనా, జపాన్, ఐరోపా పింగాణీని కొంటూనే ఉన్నారు. విషం కలిపిన అన్నం పెడితే రంగు మారుతుందని పూర్వం నవాబులు నమ్మిన ఆకుపచ్చ పళ్లేలూ అక్కడున్నాయి. నమ్మకమే సుమా!

ఇవన్నీ గొప్పింటి కథలు. తుంగభద్ర ఒడ్డున, ఒకప్పటి గద్వాల సంస్థానం సీమలో, మగ్గాల ఊరు రాజోలి ఉంది. 2009 అక్టోబరు వరద ఈ ఊరిని ముంచేసింది. ఇళ్లు కూలాయి, మగ్గాలు నీటిపాలయ్యాయి. నీళ్లలో నానిన పట్టుచీర, పెళ్లి ఫొటో, చేతిరాత కాగితం మళ్లీ రావు. బట్టీలో కాలిన పింగాణీకి ఆ భయం లేదు. పగలకపోతే చాలు, బురద కడిగితే బొమ్మా తేదీ కనిపిస్తాయి. కానీ ఆ కప్పు ఎవరు తెచ్చారో, ఎందుకు దాచారో చెప్పే పెద్దలు లేకపోతే అది పాత సామాన్ల బండి ఎక్కాల్సిందే. వరదకన్నా ఈ నష్టమే ఎక్కువసార్లు జరుగుతుంది.

మీ గూట్లో అలాంటిది ఉంటే ముందు తిరగేసి అడుగు చూడండి. ముద్రలో దేశం పేరుంటే చాలావరకు 1891 తర్వాతిది. విదేశీ సరుకుమీద దేశం పేరుండాలన్న అమెరికా చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది. గోటితో మీటితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉండొచ్చు. దీపానికి ఎదురుగా పెడితే వెలుతురు కనిపించేది అసలు పింగాణీ, కనిపించకపోతే చాలావరకు మామూలు మట్టికి మెరుగు పెట్టింది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి వాటిలో ఆవకాయ, చింతపండు పులుసు వడ్డించకండి. కప్పును ఫొటో తీసి, తెచ్చినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసి, పై ఊళ్లో ఉన్న పిల్లలకూ ఒక ప్రతి పంపండి. అమ్మమ్మకు గుర్తున్నప్పుడే అడగాలి మరి!