435 సెకన్లకు డీఎన్‌ఏ టెస్ట్ ఎందుకు?

మా చిన్నాన్న కొడుకు నల్గొండ దగ్గర ఊళ్లో ఉంటాడు. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పొద్దున్నే ఐదింటికి కాలేజీ గ్రౌండ్, పదింటికి లైబ్రరీ. మొన్నామధ్య రాత్రిపూట ఫోన్ చేశాడు. ‘అన్నా, నా జీన్స్‌ల ఉరుకుడే లేదంట. ఇగ గ్రౌండ్‌కు పోయి ఏం లాభం?’ అన్నాడు. ముందు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని, ట్యూబులో ఉమ్మి పోసి పంపితే వచ్చిన రిపోర్టు అది. పద్దెనిమిది పేజీలు, రంగురంగుల మీటర్లు. ‘పవర్: ఎక్కువ’ అని పచ్చగా, ‘ఎండ్యూరెన్స్: తక్కువ’ అని ఎర్రగా వేశారు. ఆ కిట్‌కు పెట్టిన డబ్బుతో మంచి రన్నింగ్ షూస్ రెండు జతలు వచ్చేవి.

నేను చదివింది ఇంజినీరింగ్, రాసేది టెక్నాలజీ గురించి. డాక్టర్‌ని కాదు. కానీ ఏ రిపోర్టు చూసినా ‘ఈ అవుట్‌పుట్ ఏ ఇన్‌పుట్ నుంచి వచ్చింది?’ అని అడగడం మా వాళ్లకు అలవాటు. ఆ పద్దెనిమిది పేజీల్లోనూ అసలు సరుకు రెండు లైన్లే. వాళ్లు చూసినవి పట్టుమని పది జన్యువులు. అందులోనూ తీర్పు మొత్తం దాదాపుగా ఒక్కదాని మీదే నిలబడింది. దాని పేరు ఏసీటీఎన్‌3.

దీన్ని ‘స్పీడ్ జీన్’ అని పిలుస్తారు. వేగంగా కుదించుకునే కండర పోగుల్లో ఆల్ఫా ఆక్టినిన్-3 అనే ప్రొటీన్ తయారు చేయడం దీని పని. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు కాపీలూ పనిచేయవు. అంటే ఆ ప్రొటీన్ వాళ్ల ఒంట్లో అసలే ఉండదు. దానివల్ల వాళ్లకు జబ్బేమీ రాదు, మామూలుగానే బతుకుతారు. అత్యున్నత స్థాయి స్ప్రింటర్లలో మాత్రం ఇలాంటివాళ్లు చాలా అరుదని 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. ఆ పరిశోధన నిజమే, గట్టిదే. చిక్కంతా దాన్ని అమ్మకానికి పెట్టిన తీరులో ఉంది. రెండుసార్లు ఒలింపిక్స్‌కు వెళ్లిన స్పెయిన్ లాంగ్‌జంపర్ ఒకరికి ఈ ప్రొటీన్ అసలే లేదని 2007లో బయటపడింది. లాంగ్‌జంప్ అంటే పూర్తిగా వేగం, పవర్‌ల ఆట కదా! మామూలు జనంలో కండర సామర్థ్యం మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉంటుందో, అందులో ఈ జన్యువు వాటా రెండు మూడు శాతమే. లక్షల లైన్ల కోడ్‌లో ఒక్క లైన్ చదివి యాప్ ఎంత స్పీడో చెప్పేసినట్టుంది ఈ వ్యాపారం.

ఇది నా సొంత కోపం అనుకోకండి. ఈ కిట్‌ల మీద స్పోర్ట్స్ మెడిసిన్, జన్యుశాస్త్ర నిపుణులు కలిసి 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ప్రతిభను గుర్తించడానికి గానీ, ఎవరికి ఏ ట్రైనింగ్ ఇవ్వాలో నిర్ణయించడానికి గానీ ఈ టెస్టులు పనికిరావని అందులో తేల్చి చెప్పారు.

అలాగని ‘జన్యువులు ఉత్త మాట, కష్టపడితే ఎవరైనా ఏదైనా అయిపోవచ్చు’ అనే మోటివేషన్ వీడియోల మాటకూ నేను తలూపను. ఫిన్లాండ్‌లో ఈరో మాంటీరాంటా అని ఒక స్కీయర్ ఉండేవాడు. 1964 ఇన్స్‌బ్రక్ వింటర్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. ఆయన రక్తంలో ఎర్ర రక్తకణాలు మామూలు మనిషి కన్నా చాలా ఎక్కువ. దానికి కారణం కుటుంబంలోనే నడుస్తున్న ఒక జన్యు మార్పు అని 1993లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఎర్రకణాలు ఎక్కువంటే కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ. మనం ఎంత పరిగెత్తినా ఆ రక్తం మనకు రాదు. కండబలంలో మనుషుల మధ్య తేడాల్లో దాదాపు సగం వారసత్వానిదేనని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతాయి. కాకపోతే అది ఒక్క జన్యువు పని కాదు. ఎత్తు సంగతే చూడండి. 2022లో 54 లక్షల మంది డేటాతో చేసిన అధ్యయనంలో ఎత్తుతో ముడిపడిన మార్పులు డీఎన్‌ఏలో 12,111 దొరికాయి. టేపుతో కొలిచే ఎత్తుకే అన్ని ఉంటే, గుండె, ఊపిరితిత్తులు, కండరాలు, మనసు అన్నీ కలిసి పనిచేసే పరుగును పది జన్యువులతో ఎలా చెబుతారు?

పుట్టుకతో వచ్చిన బలం ఒక సంగతి. ట్రైనింగ్‌కు ఒళ్లు ఎంత స్పందిస్తుందనేది ఇంకో సంగతి. ఇందులోనూ జన్యువుల పాత్ర ఉంది, దాచడం ఎందుకు. హెరిటేజ్ ఫ్యామిలీ స్టడీ అని అమెరికా, కెనడాల్లో ఒక పెద్ద అధ్యయనం చేశారు. 98 కుటుంబాల నుంచి వ్యాయామం అలవాటు లేని 481 మందికి 20 వారాల పాటు ఒకేలాంటి సైక్లింగ్ ట్రైనింగ్ ఇచ్చారు. శరీరం నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ సగటున 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. కొందరికి మాత్రం దాదాపు ఏమీ పెరగలేదు, ఇంకొందరికి లీటరు పైనే పెరిగింది. ఒకే ఇంట్లోవాళ్ల ఫలితాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. బరువులెత్తడంలోనూ ఇంతే. 2005లో 585 మందికి 12 వారాలు ఒకే రకంగా చేతి వ్యాయామం చేయిస్తే, ఒకరి బలం అస్సలు పెరగలేదు, ఇంకొకరిది 250 శాతం పెరిగింది.

ఇక్కడిదాకా చదివి చాలామంది ఆగిపోతారు. ‘నేను ఆ పెరగని బ్యాచే’ అని నిర్ణయించేసుకుంటారు. మా తమ్ముడు చేసింది అదే. కానీ 2017లో వచ్చిన ఇంకో అధ్యయనం ఉంది. 78 మందిని ఐదు గ్రూపులు చేసి ఆరు వారాల పాటు వారానికి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు గంటల చొప్పున ట్రైనింగ్ ఇచ్చారు. వారానికి ఒక్క గంట చేసినవాళ్లలో 69 శాతం మందిలో మెరుగుదల కనిపించలేదు. రెండు గంటల వాళ్లలో 40 శాతం, మూడు గంటల వాళ్లలో 29 శాతం. నాలుగు, ఐదు గంటల గ్రూపుల్లో? సున్నా. మొదటిసారి పెరగనివాళ్లకు వారానికి రెండు సెషన్లు కలిపి మరో ఆరు వారాలు చేయిస్తే వాళ్లూ అందరూ మెరుగయ్యారు. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటా. అయినా ‘నా ఒళ్లు ఇంతే’ అనే ముందు వారానికి ఎన్ని గంటలు, ఎన్ని వారాలు చేశామో లెక్క చూసుకోవాలి కదా.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. అంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 108 సెకన్ల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అదే దూరానికి 8 నిమిషాలు, అంటే రౌండుకు సరిగ్గా 120 సెకన్లు. తెలంగాణలో మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, రౌండుకు 160 సెకన్లు. ఏపీలో మహిళలకు 1600 మీటర్లకు పదిన్నర నిమిషాలు. (కొత్త నోటిఫికేషన్ వస్తే అందులో ఉన్న అంకెలే చూసుకోండి.)

మరి మనిషి పరుగుకు హద్దు ఎక్కడ? మొరాకో రన్నర్ హిషామ్ ఎల్ గెరూజ్ 1998లో 1500 మీటర్లు 3 నిమిషాల 26 సెకన్లలో పరిగెత్తాడు. తెలంగాణ కటాఫ్ వేగంతో వెళ్తే అదే దూరానికి 6 నిమిషాల 48 సెకన్లు పడుతుంది. దాదాపు రెట్టింపు టైమ్! 3:26కీ 3:36కీ మధ్య పోటీ పడేవాళ్ల విషయంలో అమ్మానాన్నలు ఇచ్చిన జన్యువులు తీర్పు చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడు 7:15 అందుకోవడానికి ఆ కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. పైగా ఇది క్వాలిఫై కావాల్సిన గీత. క్వాలిఫై అయితే చాలనే పోస్టుల్లో పక్కవాడు 5:30కి వస్తే మీకు పోయేదేమీ లేదు. మొదటి రౌండు 80 సెకన్లలో కొట్టి మూడో రౌండులో కడుపు పట్టుకుని నడిచేవాళ్లను గ్రౌండ్‌లో ఎంతమందిని చూడలేదు! వాళ్లకు కావాల్సింది పేసింగ్. చేతి గడియారం చాలు.

జన్యువులు నిజంగా గేటు దగ్గర నిలబడి ఆపేది ఒక్క ఎత్తు విషయంలోనే. కానిస్టేబుల్‌కు పురుషుల్లో సాధారణంగా అడిగేది 167.6 సెంటీమీటర్లు. ఇరవై దాటాక ఎముకల చివర్లు మూసుకుపోతాయి. ఏ పౌడర్ తాగినా, రాడ్డు పట్టుకుని వేలాడినా ఎముక పెరగదు. కాబట్టి కోచింగ్ ఫీజు కట్టకముందే గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా సరిగా కొలిపించుకోండి. పొద్దున లేవగానే ఉన్న ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది, వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుపోవడం వల్ల. అంచున ఉన్నవాళ్లు అది గుర్తుపెట్టుకుని కొలుచుకోవాలి. తక్కువైతే ఎత్తు అడగని పోస్టులు చాలానే ఉన్నాయి. రెండేళ్లు పోయాక తెలుసుకోవడం కన్నా ఈ రోజే తెలుసుకోవడం మేలు.

‘మరి పీవీ సింధు?’ అని మా తమ్ముడు అడిగాడు. నిజమే, అమ్మ, నాన్న ఇద్దరూ వాలీబాల్ ప్లేయర్లు. నాన్న రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ పొడవు వాళ్లిచ్చిందే. కానీ అదే ఇంట్లో పొద్దున్నే నాలుగింటికి కూతురిని లేపి ప్రాక్టీసుకు తీసుకెళ్లడం ఎందుకు ముఖ్యమో తెలిసిన ఇద్దరు క్రీడాకారులూ ఉన్నారు. అందులో జీన్ ఎంత, ఇల్లు ఎంత అని విడదీయడం ఎవరి తరం? ఇంకోపక్క జ్యోతి యర్రాజీ ఉంది. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు. 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా చాంపియన్ అయింది, పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఆమెలోనూ గొప్ప జన్యువులే ఉండి ఉంటాయి. గ్రౌండ్‌కు తీసుకెళ్లేవాళ్లు లేక అలాంటి జన్యువులు ఎన్ని ఊళ్లలో మట్టిలో కలిసిపోయాయో ఏ ఉమ్మి పరీక్షా చెప్పదు.

ఇంత చెప్పి జన్యు పరీక్షలన్నీ వద్దంటే మాత్రం తప్పు చేసినవాడినవుతాను. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టుల్లో గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఉద్యోగం కోసం వెళ్లిన పిల్లలు. ఎవరి గుండెలో ఏముందో ముందే చూసుకోవాల్సిన అవసరం అప్పుడు దేశానికి గుర్తొచ్చింది, వారం తర్వాత మర్చిపోయింది. గుండె కండరం మందంగా పెరిగే ఒక వారసత్వ జబ్బు ఉంది, దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయినా, పరిగెత్తేటప్పుడు మీకు కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా ముందు ఈసీజీ, ఎకో చేయించుకోండి. గ్రౌండ్ ఆ తర్వాత.

సికిల్‌సెల్ సంగతి కూడా చెప్పాలి. ఆదిలాబాద్, పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల పిల్లలు దీన్ని కచ్చితంగా తెలుసుకోవాలి. ఒక్క కాపీ ఉన్నవాళ్లు మామూలుగానే ఉంటారు, పరిగెత్తొచ్చు కూడా. కాకపోతే ఎండలో, నీళ్లు తాగకుండా, ఒక్కసారిగా ఒళ్లు విరగ్గొట్టుకుంటే కండరాలు దెబ్బతినే ప్రమాదం వీళ్లకు ఎక్కువ. అమెరికా సైనికుల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో ఆ ప్రమాదం 54 శాతం అధికంగా తేలింది, అయితే మరణాలు మాత్రం పెరగలేదు. అంటే పరుగు మానక్కర్లేదు. మెల్లగా పెంచాలి, నీళ్లు తాగాలి, తేడాగా అనిపిస్తే ఆగాలి. మన దేశంలో 2023 జూలైలో సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. వేలు పోసి కొన్న రంగుల పీడీఎఫ్‌లో ఇది లేదు, నేను వెతికాను.

తమ్ముడికి ఇదంతా ఫోన్లో చెప్పేసరికి పన్నెండు దాటింది. ‘సరే అన్నా’ అని పెట్టేశాడు, నమ్మాడో లేదో తెలియదు. రిపోర్టు వచ్చినప్పుడు వాడి టైమ్ 8 నిమిషాల 20 సెకన్లు. వారానికి రెండు రోజులు పరిగెత్తేవాడు, ఇప్పుడు ఐదు రోజులు చేశాడు. అందులో మూడు రోజులు మాట్లాడుతూ పరిగెత్తేంత మెల్లగా. పోయిన ఆదివారం గడియారం ఫొటో పంపాడు: 7:31. కింద ఒక్క లైన్: ‘ఇంక 16 సెకన్లున్నయ్ అన్నా.’