బోరు బండి వచ్చినంత మాత్రాన గని వచ్చినట్లు కాదు: ఉత్తరాంధ్రలో ఖనిజాన్వేషణ తొలి దశలపై ప్రత్యేక వ్యాసం

విజయనగరం: భూగర్భంలో ఖనిజం ఉన్నదన్న వార్త ఒక్క పూటలో ఊరంతా వ్యాపిస్తుంది. ఆ ఖనిజం ఎంత ఉన్నదో, ఏ నాణ్యతతో ఉన్నదో తెలియడానికి మాత్రం సంవత్సరాలు పడుతుంది. పొలం గట్టున ఒక డ్రిల్లింగ్ యంత్రం, కొన్ని ఇనుప గొట్టాలు, ఒక నీటి ట్యాంకరు కనిపించగానే గ్రామంలో రెండు రకాల మాటలు పుడతాయి. గని వస్తున్నది కనుక భూముల ధరలు పెరుగుతాయని కొందరు ఆశపడతారు. గని వస్తున్నది కనుక భూములు పోతాయని మరికొందరు భయపడతారు. ఆశపడినవారు అప్పు చేసి భూమి కొనవచ్చు. భయపడినవారు వచ్చిన ధరకు అమ్ముకొనవచ్చు. నిజానికి ఆ దశలో గని రాలేదు, భూమి పోలేదు. అక్కడ జరుగుతున్నది సమాచార సేకరణ మాత్రమే. ఈ తేడాను స్పష్టంగా గ్రహించినప్పుడే ప్రజలు తమ హక్కులను కాపాడుకోగలుగుతారు. ప్రభుత్వానికి, పరిశ్రమకు కూడా అదే మేలు.

నూట ముప్పై ఏళ్లకు పైబడిన అనుభవం

ఉత్తరాంధ్రకు గనులు కొత్త కాదు. భారతదేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం 1892లో మొదలైనది ఈ ప్రాంతంలోనే. నాడు విశాఖపట్నం జిల్లాలో భాగమైన గరివిడి సమీపంలోని కోడూరు, నేటి మెరకముడిదాం మండలంలోని గర్భాం గనులను విజయనగరం మైనింగ్ కంపెనీ నిర్వహించింది. భీమునిపట్నం రేవు నుండి ఈ ఖనిజం ఓడలలో విదేశాలకు తరలిపోయింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన శాస్త్రవేత్త లూయీ లీ ఫెర్మార్ దేశంలోని మాంగనీసు నిక్షేపాలపై 1909లో ప్రచురించిన బృహద్గ్రంథంలో ఈ గనులకు విశేష స్థానం లభించింది. ఇక్కడి ఒక శిలకు ఆయన కోడూరు పేరు మీదుగా ‘కోడురైట్’ అని నామకరణం చేశారు. ప్రపంచ భూగర్భ శాస్త్ర పరిభాషలో ఆ విధంగా మన జిల్లాలోని ఒక చిన్న గ్రామం పేరు నిలిచిపోయింది.

అయితే ఈ చరిత్రలో మరొక పాఠం ఉన్నది. ఆరంభంలో అగ్రస్థానంలో నిలిచిన ఈ గనులు 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే మధ్య పరగణాల గనుల ముందు వెనుకబడిపోయాయి. ఇందుకు ప్రధాన కారణం ఖనిజం నాణ్యత. కోడురైట్ శిలలో ఫాస్ఫరస్ కలిగిన ‘అపటైట్’ అనే ఖనిజం ఉంటుంది. అందువల్ల ఇక్కడి మాంగనీసులో ఫాస్ఫరస్ పాలు ఎక్కువ. ఉక్కులో ఫాస్ఫరస్ ఎక్కువైతే ఉక్కు పెళుసుబారుతుంది కనుక కొనుగోలుదారులు అటువంటి ఖనిజానికి తక్కువ ధర చెల్లిస్తారు. 1931లో రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయి, 1933లో విశాఖపట్నం నౌకాశ్రయం ప్రారంభమైన పిమ్మట మధ్య పరగణాల మాంగనీసు మన జిల్లా మీదుగానే రేవుకు చేరడం గమనార్హం.

ఖనిజం ఉండటం ఒక సంగతి. అది గిట్టుబాటుగా అమ్ముడుపోయే ఖనిజం కావడం మరొక సంగతి. ఈ రెండింటి మధ్య దూరాన్ని తవ్వకానికి ముందే కొలిచి చెప్పే ప్రక్రియనే ఖనిజాన్వేషణ అంటారు.

అన్వేషణలో నాలుగు మెట్లు

ఐక్యరాజ్యసమితి వర్గీకరణను అనుసరించి మన దేశంలో ఖనిజాన్వేషణను నాలుగు దశలుగా విభజించారు. మొదటిదైన ప్రాథమిక పరిశీలనను ‘జి–4’ అంటారు. ఈ దశలో భూవిజ్ఞానులు విశాలమైన ప్రాంతాన్ని నడిచి పరిశీలిస్తారు. శిలల పటం తయారుచేస్తారు. మట్టి, రాయి నమూనాలు సేకరిస్తారు. అవసరమైతే అక్కడక్కడ కందకాలు తీసి, ఒకటి రెండు చోట్ల డ్రిల్లింగ్ చేస్తారు. రెండవదైన ‘జి–3’ దశలో ఆశాజనకంగా కనిపించిన భాగంపై దృష్టి నిలిపి, దూరదూరంగా రంధ్రాలు వేస్తారు. ‘జి–2’ దశలో రంధ్రాల మధ్య దూరం తగ్గుతుంది. నిక్షేపం ఆకారం, పరిమాణం, నాణ్యత స్థూలంగా తేలుతాయి. చివరిదైన ‘జి–1’ దశలో సమగ్ర అన్వేషణ జరుగుతుంది.

ప్రతి మెట్టు వద్ద ఆగిపోయే అవకాశం ఉంటుంది. మొదటి దశలో ఎంపికైన ప్రాంతాలన్నీ నాలుగవ దశ వరకు వెళ్లవు. వెళ్లినవన్నీ గనులు కావు. ఒక ప్రాంతాన్ని పరీక్షించి ‘ఇక్కడ గిట్టుబాటు కాదు’ అని తేల్చడం వైఫల్యం కాదు. అనవసరమైన తవ్వకం జరగకుండా నివారించిన సమాచారం అది.

నీటి బోరు వేరు, ఖనిజం బోరు వేరు

గ్రామీణులకు సుపరిచితమైన నీటి బోరు బండి రాతిని పిండి చేసి, గాలితో పైకి ఊదివేస్తుంది. నీరు పడినదా, లేదా అన్నదే అక్కడ ప్రశ్న. ఖనిజాన్వేషణలో అది చాలదు. కనుక వజ్రపు రేణువులు పొదిగిన వలయాకారపు బిట్‌తో రాతిని గుండ్రంగా కోస్తూ, మధ్యలోని భాగాన్ని పొడవైన కడ్డీ రూపంలో యథాతథంగా పైకి తీస్తారు. దీనిని ‘కోర్’ అంటారు. విస్తృతంగా వాడుకలో ఉన్న ‘ఎన్‌క్యూ’ పరిమాణంలో ఈ కడ్డీ వ్యాసం 47.6 మిల్లీమీటర్లు. బయటకు వచ్చిన కడ్డీలను లోతు ప్రకారం వరుసగా పెట్టెలలో అమర్చి, ప్రతి వరుసకు అంకెలు వేస్తారు. ఆపై కడ్డీని నిలువుగా రెండు సగాలుగా చీల్చి, ఒక సగాన్ని రసాయన పరీక్షకు పంపుతారు. రెండవ సగాన్ని భద్రపరుస్తారు. ఫలితంపై రేపు ఎవరికైనా సందేహం కలిగితే సాక్ష్యంగా మిగిలేది ఆ రెండవ సగమే.

ఈ కడ్డీ చెప్పే మాటను అర్థం చేసుకోవడంలోనూ మెలకువ అవసరం. రంధ్రాల మధ్య నూరు మీటర్ల చొప్పున ఎడం పాటించారనుకుందాం. అప్పుడు ఐదు సెంటీమీటర్లైనా లేని ఒక్కొక్క కడ్డీ ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర ఎకరాల భూమి తరఫున సాక్ష్యం చెబుతున్నట్లు లెక్క. తూర్పు కనుమల శిలలలో మాంగనీసు సమతలమైన పరుపుగా కాక మడతలు పడి, మధ్య ఉబ్బి అంచులు సన్నగిల్లిన కటకాకారపు పట్టీలుగా ఉంటుంది. ఒక రంధ్రంలో దట్టంగా కనిపించిన ఖనిజం పక్క రంధ్రంలో పూర్తిగా మాయం కావచ్చును.

మందం విషయంలోనూ పొరపాటుకు తావున్నది. ఖనిజపు పొరను రంధ్రం 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా దాటితే, కడ్డీలో 10 మీటర్ల పొడవున ఖనిజం కనిపిస్తుంది. పొర అసలు మందం 5 మీటర్లు మాత్రమే. కనుక ‘పది మీటర్ల ఖనిజం పడింది’ అన్న మాట విన్నప్పుడు అది కడ్డీ పొడవా, పొర మందమా అని అడగడం అవసరం. వాతావరణ ప్రభావంతో మెత్తబడిన మాంగనీసు డ్రిల్లింగ్ నీటిలో కొట్టుకుపోయే ప్రమాదమూ ఉన్నది. వేసిన లోతుకు, చేతికి వచ్చిన కడ్డీ పొడవుకు గల నిష్పత్తిని తప్పనిసరిగా నమోదు చేయవలసినది ఇందుకే. అది తక్కువైతే పరీక్షా ఫలితంపై నమ్మకమూ తగ్గుతుంది.

మరొక ముఖ్య విషయం. ఈ ప్రాంతపు మాంగనీసులో గణనీయమైన భాగం శిలలు శిథిలమై, భూమి పైపొరల సమీపంలో సాంద్రత పెరగడం వలన ఏర్పడినది. ఉపరితలంపై నల్లగా మెరిసే రాయి లోతున కూడా అదే నాణ్యతతో ఉంటుందని భావించరాదు. అన్వేషణ లేకుండా కంటికి కనిపించిన చోటల్లా తవ్వితే మిగిలేది లోతైన గోతులే. వర్షాకాలంలో నీరు నిండి పశువులకు, పిల్లలకు ప్రమాదకరంగా మారే అటువంటి గోతుల వల్ల కలిగే నష్టం గని లాభంలో ఎక్కడా లెక్కకు రాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం, 1957 ఈ రంగానికి మూలం. 2015 సవరణతో ప్రధాన ఖనిజాల కేటాయింపు వేలం పద్ధతిలోకి మారింది. అన్వేషణ పూర్తికాని ప్రాంతాలకు అన్వేషణ, తవ్వకం రెండింటికీ కలిపి ‘కాంపోజిట్ లైసెన్సు’ను వేలం ద్వారా మంజూరు చేస్తారు. దీనిని పొందిన సంస్థ ముందుగా అన్వేషణ జరిపి, ఖనిజం ఉన్నట్లు నిరూపించిన పిమ్మటనే గని లీజుకు అర్హత పొందుతుంది. 2023 సవరణ ‘అన్వేషణ లైసెన్సు’ అనే కొత్త విధానాన్ని ప్రవేశపెట్టింది. వెండి, బంగారం, రాగి, సీసం, జింకు తదితర 29 ఖనిజాలకు ఇది వర్తిస్తుంది. ఇవి ఎక్కువగా లోతున దాగి ఉండి, అన్వేషణకు అధిక వ్యయం అవసరమయ్యే ఖనిజాలు. ఉదాహరణకు మన దేశంలో వెండి ప్రధానంగా రాజస్థాన్ సీసం, జింకు గనుల నుండి ఉప ఉత్పత్తిగా లభిస్తున్నది. మాంగనీసు ఈ జాబితాలో లేదు.

శ్రీకాకుళం తీరంలోని ఇసుకలో లభించే ఇల్మనైట్, మోనజైట్ వంటి ఖనిజాల పరిస్థితి వేరు. అవి అణు ఖనిజాల పరిధిలోకి వస్తాయి. టెక్కలి పరిసరాలలోని గ్రానైటు చిన్న తరహా ఖనిజాల కోవకు చెందినది కనుక దాని నియమావళిని రాష్ట్ర ప్రభుత్వం రూపొందిస్తుంది. ఒక గ్రామంలో విన్న నిబంధన పక్క మండలానికి వర్తించకపోవచ్చునని గుర్తించాలి.

రైతుకు గల రక్షణలు

అన్వేషణకు అనుమతి లభించినంత మాత్రాన పట్టా భూమిపై యాజమాన్యం మారదు. 1957 చట్టంలోని 24ఏ సెక్షన్ రైతుకు రెండు ముఖ్యమైన రక్షణలు కల్పించింది. ఇంటిలోనికి గాని, ఇంటిని ఆనుకొని ఉన్న ప్రహరీ ఆవరణ లేదా తోటలోనికి గాని ఆ ఇంటివారి సమ్మతి లేకుండా ప్రవేశించాలంటే కనీసం ఏడు రోజుల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అన్వేషణ వలన భూమి ఉపరితలానికి కలిగిన, కలగబోయే నష్టానికి ఆ భూమిని అనుభవిస్తున్న వ్యక్తికి నష్టపరిహారం చెల్లించాలి. పరిహారం మొత్తాన్ని నిర్ణయించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. గని దశకే కాక అన్వేషణ దశకు కూడా ఈ నిబంధన వర్తిస్తుందన్న విషయం చాలామందికి తెలియదు. తొక్కుడుపడిన వరి మడికి, తెగిన గట్టుకు, నరికిన జీడిమామిడి చెట్టుకు పరిహారం కోరడం రైతు హక్కు.

షెడ్యూల్డ్ ప్రాంతాలలో అదనపు రక్షణలు ఉన్నాయి. విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంత గనుల లీజులపై ‘సమత’ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించింది. షెడ్యూల్డ్ ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు సారాంశం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని ఏజెన్సీ గ్రామాలకు ఇది అత్యంత ప్రధానమైనది. గరివిడి, చీపురుపల్లి, మెరకముడిదాం మైదాన ప్రాంతాలు షెడ్యూల్డ్ పరిధిలోకి రావు.

ఆదాయం ఎప్పుడు? అభిప్రాయం ఎప్పుడు?

అన్వేషణ దశలో స్థానిక ఉపాధి పరిమితంగా ఉంటుంది. ఖనిజ ఉత్పత్తి లేదు కనుక రాయల్టీ రాదు. రాయల్టీతో ముడిపడిన జిల్లా ఖనిజ నిధికీ ఈ దశలో జమ ఉండదు. 2015లో ఏర్పాటైన ఈ నిధికి 2015 జనవరి 12కు ముందు మంజూరైన లీజుల నుండి రాయల్టీలో 30 శాతం, ఆ తరువాత వేలంలో పొందిన లీజుల నుండి 10 శాతం అదనంగా జమ అవుతుంది. తాగునీరు, వైద్యం, విద్య వంటి అవసరాలకు వినియోగించవలసిన ఈ నిధులు గని పనిచేసినప్పుడే వస్తాయి. కనుక డ్రిల్లింగ్ జరుగుతున్న సమయంలోనే గ్రామానికి నిధుల వర్షం కురుస్తుందని చెప్పేవారి మాటలను నమ్మవలసిన పనిలేదు.

అన్వేషణ సఫలమైనా గనికి ఇంకా చాలా దూరం ఉంటుంది. గనుల ప్రణాళికకు ఆమోదం లభించాలి. పర్యావరణ అనుమతి రావాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి బహిరంగ విచారణ జరపాలి. ప్రజలు తమ అభ్యంతరాలను, షరతులను నమోదు చేయించవలసిన అసలైన వేదిక అది. అక్కడ మౌనంగా ఉండి, ఆ తరువాత రోడ్డెక్కితే ప్రయోజనం తక్కువ.

ప్రజలు అడగవలసిన ప్రశ్నలు

డ్రిల్లింగ్ బృందం గ్రామానికి వచ్చినప్పుడు సర్పంచులు, రైతులు కొన్ని ప్రశ్నలు తప్పక అడగాలి. వచ్చినది ఏ సంస్థ? అనుమతి పత్రంలో ఏ సర్వే నంబర్లు ఉన్నాయి? ఇది అన్వేషణలో ఎన్నవ దశ? డ్రిల్లింగ్‌కు నీరు ఎక్కడి నుండి తెస్తారు? బురద నీటిని ఎక్కడ నిలువ చేస్తారు? పని పూర్తయ్యాక రంధ్రాన్ని సిమెంటుతో మూసి, పొలాన్ని చదును చేసి అప్పగిస్తారా? పరిహారం లెక్క కాగితంపై ఉన్నదా? సంశయం ఉన్నవారు తహశీల్దారు కార్యాలయంలో, జిల్లా గనుల, భూగర్భ శాఖ కార్యాలయంలో వివరాలు తెలుసుకొనవచ్చును. అవసరమైతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేయవచ్చును.

సంస్థలకూ బాధ్యత ఉన్నది. ప్రశ్న అడిగిన రైతును అభివృద్ధి నిరోధకునిగా చూడరాదు. రంధ్రం వేయడానికి ముందే గ్రామసభలో విషయం వివరించడం, పూర్తయిన పిమ్మట ఫలితం ఆశాజనకమా, నిరాశాజనకమా అన్నది సరళమైన తెలుగులో తెలియజేయడం వలన వదంతులకు ఆస్కారం ఉండదు.

కోడూరులో తొలి గునపం దిగిన నాడు రైతును అడిగినవారు లేరు, లోతును కొలిచినవారు లేరు. నేడు కొలవడానికి యంత్రాలు ఉన్నాయి, అడగడానికి చట్టాలు ఉన్నాయి. ఖనిజం ఎంత ఉన్నదో కడ్డీ చెబుతుంది. అది ఎవరికి, ఏ షరతులపై మేలు చేయాలో ప్రజలు చెప్పాలి. అంతవరకు తొందరపడి భూమి అమ్ముకొనవద్దు, తొందరపడి అప్పు చేయవద్దు.