మాంత్రికుడి చిలక ఏం తినేది?

'బాలనాగమ్మ' కథ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. 1942లో జెమినీవారు తీశారు, 1959లో మళ్ళీ తెరకెక్కింది. మాయల మరాఠీ ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల ఓ చిలకలో ఉంటుంది. చిలక రెక్క విరిస్తే మరాఠీ చెయ్యి పడిపోతుంది. అంతవరకూ బాగానే ఉంది. మరి తన ప్రాణమే దాచుకున్న ఆ చిలకకి అయ్యగారు మూడు పూటలా ఏం పెట్టేవారు? జామకాయా? పచ్చిమిరపకాయా? ఈ ముచ్చట ఏ దర్శకుడూ చూపించలేదు!

ఇప్పుడీ గోల ఎందుకంటారా? విజయనగరం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళింట్లో ఒక జత కాకటీల్స్ ఉన్నాయట. పెలెట్లే పెడుతున్నారట. "షాపతను వాటితోపాటు విటమిన్ చుక్కలు, కాల్షియం సీసా, ఇంకేదో టానిక్ కూడా కొనమంటున్నాడు. పిల్లల్ని తీయించాలని మా ఆశ. కొనమంటారా?" అని అడిగారు. సినిమా పత్రికకి రాయాల్సిన ఉత్తరమేనా ఇది అని మా ఎడిటర్‌గారు నవ్వారు. అయితే పరిశ్రమలో పిట్టలు పెంచేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు గనక ఆ ఉత్తరం జేబులో పెట్టుకున్నాను.

ముందుగా ఒక చిన్న మాట. మన రామచిలకని పంజరంలో పెట్టడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అంచేత ఈ వారం మాటలన్నీ ఆస్ట్రేలియా సంతతివాళ్ళయిన కాకటీల్స్, బడ్జీల గురించే.

పెలెట్ అంటే ఏమిటి? ధాన్యాలు, పప్పులు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ పిండిచేసి కలిపి, ఉడికించి, గుళికలుగా ఒత్తిన తిండి. ఏరుకోవడానికి వీల్లేకపోవడమే దాని గొప్ప. గింజల పళ్ళెం ముందు పిట్ట ఏం చేస్తుందో చూశారా? ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని మిగతాది వదిలేసే పిల్లాడి బాపతు. పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటుంది, తక్కినవి కిందికి తోసేస్తుంది. ఆ పప్పులో దాదాపు సగం నూనే. విటమిన్ ఏ లేనట్టే, కాల్షియం బహు తక్కువ. ఏళ్ళ తరబడి అదే తింటే కాలేయానికి కొవ్వు పడుతుంది, ముక్కూ గొంతూ లోపలి పొర మొద్దుబారి రోగాలు సులువుగా అంటుకుంటాయి.

ఈ పిట్టలకి ఏం కావాలో లెక్కగట్టి చూసినవాళ్ళలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవాళ్ళు ముఖ్యులు. 1986లో రౌడీబుష్, గ్రౌ అనే ఇద్దరు (పేరు చూసి విలన్ అనుకోకండి, పెద్దమనిషే) చేత్తో పెంచిన కాకటీల్ పిల్లలు బాగా ఎదగాలంటే తిండిలో ఇరవై శాతం మాంసకృత్తులు ఉండాలని తేల్చారు. అదే డేవిస్‌లో 2003లో బయటపడ్డ సంగతి మన షాపతను వినాల్సింది. పెద్ద కాకటీల్స్‌కి విటమిన్ ఏ లేని తిండి కన్నా, మోతాదు మించిన తిండే ఎక్కువ చేటు చేసిందట! ఎక్కువైన పక్షుల అరుపుల తీరు కూడా మారిపోయిందట. పిట్టకి ఎవరో డబ్బింగ్ చెప్పినట్టన్నమాట.

కాబట్టి అమ్మా, పెలెట్లలో విటమిన్లు ముందే ఉన్నాయి. దానిమీద మళ్ళీ చుక్కలు పోయడమంటే, ఉప్పు వేసిన చారులో ఇంకో గుప్పెడు ఉప్పు పోయడమే. విటమిన్ డి3 మరీ ఎక్కువైతే కాల్షియం మూత్రపిండాల్లో పేరుకుంటుంది. పైగా నీళ్ళలో కలిపిన మందు వెలుతురుకి చెడుతుంది, ఆ నీళ్ళలో క్రిములు పెరుగుతాయి, పిట్ట ఎంత తాగిందో బ్రహ్మకి కూడా తెలీదు. డాక్టరు పరీక్షించి రాస్తే తప్ప ఆ సీసాల జోలికి వెళ్ళకండి.

అలాగని పెలెట్లు పోసి చేతులు దులుపుకోవచ్చా? అదీ కుదరదు. సుమారు మూడు వంతులు పెలెట్లు, ఒక వంతు తాజా తిండి అనుకోండి. దానికి మన పెరడు చాలు. మునగాకు అన్నిటికన్నా మిన్న అని నా ఓటు. మెంతికూర, కొత్తిమీర, తురిమిన క్యారెట్, మగ్గిన గుమ్మడి, ఎర్ర కండ ఉన్న చిలగడదుంప. వీటిలో ఉండే బీటా కెరోటిన్‌ని ఒళ్ళు తనకి కావలసినంత మటుకే విటమిన్ ఏగా మార్చుకుంటుంది. సీసాకీ ఆకుకీ ఉన్న తేడా అదీ. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అంచేత దాన్ని ఎప్పుడో ఓసారి పెట్టండి. కొర్ర కంకి వారానికి ఒకటి రెండుసార్లు వేలాడదీస్తే తిండికి తిండి, ఆటకి ఆట. అంతేగానీ పెలెట్ల గిన్నెలోనే గింజలు కలపకండి.

కలిపితే ఏమవుతుందో కృష్ణానగర్‌లో మా కాస్ట్యూమ్స్ బాబాయ్ ఇంట్లో చూశాను. ఆయన మేడమీద ఆరు జతల కాకటీల్స్ ఉన్నాయి. ఖరీదైన విదేశీ పెలెట్లు కొని, "ఉత్తివి తినవురా అబ్బాయ్" అని సగానికి సగం పొద్దుతిరుగుడు కలిపేవాడు. నీళ్ళలో విటమిన్ చుక్కలు సరేసరి. గూడుపెట్టె ఏడాది పొడుగునా వేలాడుతూనే ఉండేది. పోయిన వేసవిలో మూడో విడత గుడ్లకి వచ్చిన ఒక పెట్ట ఓ పొద్దున పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని కూచుంది. తోక పంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడుతోంది.

"దిష్టి తగిలిందిరా. నిరుడూ ఒకటి ఇలాగే పోయింది" అన్నాడు బాబాయ్.

"దిష్టి కాదు, పదండి బాబాయ్, డాక్టరు దగ్గరికి" అని అట్టపెట్టెలో గుడ్డ పరిచి తీసుకెళ్ళాం. గుడ్డు అడ్డం పడింది. వెచ్చగా ఉంచి, కాల్షియం సూది వేశారు. రాత్రి తొమ్మిదింటికి పెంకు గట్టిపడని గుడ్డు, మెత్తగా తోలులాగా బయటికొచ్చింది. పెట్ట బతికింది. డాక్టరుగారు గిన్నె అడుగున మిగిలిపోయిన పెలెట్లు చూసి, "వీటిని మీరు కొన్నారు, అవి తినలేదు" అన్నారు. బాబాయ్ నోట మాట లేదు.

గుడ్డు పెంకంతా కాల్షియమే గదా. గుడ్లు పెట్టబోయే ముందు పెట్ట తన ఎముకల బోలులో కాల్షియం దాచుకుంటుంది. విడత మీద విడత వస్తే ఆ ఖజానా ఖాళీ. రోజు విడిచి రోజు ఒకటి చొప్పున నాలుగైదు గుడ్లు పెట్టే పిట్టకి ఇదేం చిన్న ఖర్చు కాదు. అందుకే జత కట్టించేముందే పంజరానికి సముద్రఫేనం బిళ్ళ కట్టాలి. పక్షుల షాపులో కటిల్ బోన్ అంటారు, ఆయుర్వేద కొట్లలోనూ దొరుకుతుంది. కావలసినప్పుడు అదే గీరుకు తింటుంది. ఉదయపు ఎండ కాసేపు తగలనివ్వండి, పంజరంలో సగం నీడ ఉండేలా చూసి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఈ పనికి చాలదు.

పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాక ఉడికించిన కోడిగుడ్డు మెదిపి పెట్టండి, కడిగిన మొలక పెసలు పెట్టండి. మన ఎండలకి రెండు గంటలు దాటితే గిన్నె తీసేయాలి, లేకపోతే పిల్లలకి విరేచనాలే. పిల్లలు సొంతంగా తినడం మొదలెట్టాక గుడ్డు ఆపేయండి. ఏడాది పొడుగునా పెడితే పెట్ట ఇంకా ఇంకా గుడ్లకి వస్తుంది. సంవత్సరానికి రెండు విడతలు చాలు, ఆ తర్వాత గూడుపెట్టె అటకెక్కించండి.

గింజలకి అలవాటైన పిట్టని పెలెట్లకి మార్చేవాళ్ళు ఒక్కరోజులో గింజలు ఆపకండి. చాలా పిట్టలకి పెలెట్ తిండని తెలియనే తెలియదు, ఎదురుగా పెట్టుకుని పస్తుంటాయి. వంటింటి తక్కెడ మీద రోజూ తూచండి. కాకటీల్ తొంభై గ్రాములు ఉంటే, ఎనభై ఒకటికి దిగిందంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

మీ ఉత్తరం చివర అడిగిన ప్రశ్న మర్చిపోలేదు. జామపండు గింజలతో సహా పెట్టవచ్చు, చిన్న ముక్క. ఆపిల్ అయితే గింజలు తీసేయాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లిపాయ మాత్రం పంజరం దరిదాపులకి రానివ్వకండి.