వికెట్ల వెనుక నిలుచువాడు

లోకమున రెండు విధములగు పనులు గలవు. చక్కగా చేసినప్పుడు నలుగురి కంట బడునవి కొన్ని. చెడినప్పుడు మాత్రమే కంట బడునవి మరికొన్ని. మొదటి విధపు పనులకు బహుమతులు, పూలదండలు, చప్పట్లు గలవు. రెండవ విధపు పనులకు తరచుగా లభించునది నింద యొక్కటియే. క్రీడలయందు ఈ రెండవ విధపు పనిని చేయు బాలబాలికలకు మన పాఠశాలలు తగిన గౌరవము నొసంగుట లేదని నా యభిప్రాయము. అందులకు గల కారణములను చదువరులకు మనవి చేసెదను.

మొదట దూరదేశపు దృష్టాంతము నొకదానిని చూతము. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆట మనము ఎరిగిన ఫుట్‌బాల్ గాదు. రెండు కొనలును కూచిగా నుండు బంతిని వారు చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ఒక్కొక్కప్పుడు మాత్రము తన్నుచు ఆడుదురు. తన్నవలసి వచ్చినప్పుడు బంతిని వెనుకకు అందించుటకే ఒక ఆటగాడు గలడు. వానిని లాంగ్ స్నాపర్ అందురు. అతడు నడుము వంచి, తన కాళ్ల నడుమనుండి వెనుకకు చూచుచు, సుమారు 15 గజముల దూరమున నిలిచినవాని చేతులకు బంతిని విసరవలెను. అది ముప్పాతిక సెకనులో చేరవలెను. గోలు కొయ్యల నడుమకు తన్నునప్పుడు దూరము ఏడెనిమిది గజములే గాని పని మరింత సున్నితమైనది. బంతికి ఒక ప్రక్క కుట్లు గలవు. దానిని పట్టి నేలపై నిలుపునప్పుడు ఆ కుట్లు తన్నువాని కాలివైపున నుండరాదు. కావున గాలిలో బంతి ఎన్ని చుట్లు తిరుగవలయునో ఆ లెక్క తప్పకుండ విసరుటయే మంచి స్నాపరు నేర్పు. విసరిన మరుక్షణమే అతడు తల యెత్తి, మీదికి దుముకు ప్రత్యర్థులను అడ్డవలెను.

పూర్వము ఈ పనిని ఇతర స్థానములలో ఆడువారే అదనముగా చేసెడివారు. క్రమముగా నిది ప్రత్యేక వృత్తి యైనది. నేడు 53 మంది గల జట్టులో ఒకడు దీనికొరకే జీతము పుచ్చుకొనుచున్నాడు. చికాగో బేర్స్ జట్టునందు పాట్రిక్ మానెల్లీ అనునాతడు 1998 మొదలు 2013 వరకు ఈ పనినే చేసి 245 ఆటలాడెను. అంతకుముందు ఆ జట్టు తరపున అన్ని ఆటలాడినవాడు లేడు. ఇది ఈ వృత్తి యొక్క మంచి ముఖము.

రెండవ ముఖమును ట్రే జంకిన్ అనువాని చరిత్రలో చూడవచ్చును. అతడు 1983లో ఆట ప్రారంభించి పందొమ్మిది ఋతువులు కొలువు చేసినవాడు. 2003 జనవరిలో న్యూయార్క్ జెయంట్స్ జట్టు అతనిని ఒక్క ఆటకై, ఆ వారముననే పిలిపించెను. ఆ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోవారిపై 38-14 అంకములతో ముందుండి, పిదప ఆధిక్యము గోల్పోయి 39-38తో వెనుకబడెను. చివరి క్షణములలో ఒక్క తన్నుతో గెలువ దలచిరి. జంకిన్ విసరిన బంతి గురి తప్పెను, తన్నుటకే వీలు కలుగలేదు, ఆట పోయెను. 24 అంకముల ఆధిక్యమును పోగొట్టినవారు అనేకులు. లోకము జ్ఞాపకముంచుకొన్నది ఆ యొక్కని పేరు.

ఇట్టివారు మనలో లేరా? క్రికెట్టు ఆటయందు వికెట్ కీపరు ఈ కోవకు చెందినవాడే. నేటి టెస్టు ఆటలో దినమునకు 90 ఓవర్లు, అనగా 540 బంతులు. తన జట్టు బంతి వేయు దినమంతయు అతడు ప్రతి బంతికిని కూర్చుండి లేవవలెను. ప్రతి బంతియు తనకే వచ్చునని నమ్మి యుండవలెను. పట్టినచో అది వాని విధి. విడిచినచో అది నలుగురికి వార్త.

హైదరాబాదు నగరమున 1947లో జన్మించిన పోచయ్య కృష్ణమూర్తి గారిని నేటి బాలురలో నెందరెరుగుదురు? 1971లో అజిత్ వాడేకర్ నాయకత్వమున భారత జట్టు వెస్టిండీసు దీవులకు వెళ్లెను. హైదరాబాదు వారగు జయసింహ, ఆబిద్ అలీ గారలును ఆ జట్టులో నుండిరి. అంతకుముందు వెస్టిండీసువారిని మన దేశము టెస్టు ఆటలో ఒక్కమారైనను ఓడించి యుండలేదు. ఆ మార్చి నెలలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఏడు వికెట్ల తేడాతో గెలిచి, తక్కిన నాలుగు టెస్టులను సమముగా ముగించి, మనవారు విజయముతో తిరిగి వచ్చిరి. సునీల్ గవాస్కర్ తన మొదటి నాలుగు టెస్టులలో 774 పరుగులు చేసెను. దిలీప్ సర్దేశాయి 642 పరుగులు చేసెను. ఈ సంఖ్యలను నేటికిని పెద్దలు కంఠస్థముగా చెప్పుదురు.

ఆ అయిదు టెస్టులలోను వికెట్ల వెనుక నిలిచినవారు కృష్ణమూర్తి గారే. బేడీ, వెంకటరాఘవన్, ప్రసన్న, దురానీ మొదలగువారి తిరుగుడు బంతులకు కీపరు వికెట్ల దగ్గరనే నిలువవలెను. బంతి నేలను తాకి ఏ వైపునకు తిరుగునో బ్యాటు పట్టినవానికి తెలియనప్పుడును కీపరునకు తెలియవలెను. వెనుక నమ్మదగిన చేతులున్నవని యెరిగిననే గదా బౌలరు ధైర్యముగా బంతిని త్రిప్పగలుగుట! పుస్తకములో కృష్ణమూర్తి గారి పేరిట నిలిచినవి ఏడు క్యాచిలు, ఒక స్టంపింగు, 33 పరుగులు. అదే సంవత్సరము ఇంగ్లండులో జరిగిన మూడు టెస్టులలో ఆ స్థానమున ఫరూఖ్ ఇంజనీరు గారు నిలిచిరి. కృష్ణమూర్తి గారికి మరల టెస్టు ఆడు యోగము కలుగలేదు. వారు 1999లో గతించిరి.

ఇచట నొక ఆక్షేపణ రాగలదు. ఆరుమార్లు బ్యాటు పట్టి 33 పరుగులు చేసినవానిని మార్చుట అన్యాయమా? కాదు. జట్టునకు పరుగులును కావలెను. విశాఖపట్టణపు శ్రీకర భరత్ 2015లో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో మూడువందలు దాటిన మొదటి వికెట్ కీపరు అయ్యెను. అట్టివాడు సైతము 2023, 2024 సంవత్సరములలో ఏడు టెస్టులు మాత్రమే ఆడగలిగెను. అమెరికావారు అదనపు పనిని ప్రత్యేక వృత్తిగా జేసిరి. క్రికెట్టువారు ప్రత్యేక వృత్తికి అదనపు పనిని జోడించిరి. ఇది వృత్తిక్రీడల న్యాయము. దానిని మనము మార్చజాలము. కాని పాఠశాల వృత్తిక్రీడల అంగడి గాదు. అందరి కొలబద్దయు పరుగులే కానేల?

రెండవ ఆక్షేపణ దీనికంటె బలమైనది. నిజమైన సేవకుడు పొగడ్తను కోరడు గదా, బహుమతి యిచ్చి వాని మనస్సును చెరుపనేల అని కొందరందురు. దీనికి నా ప్రత్యుత్తర మిది: కోరకుండుట వాని ధర్మము, గుర్తించుట మన ధర్మము. వాని వినయము మన నిర్లక్ష్యమునకు సాకు కారాదు. పౌలు అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో శరీరమును, అవయవములను గూర్చి బోధించిన అధ్యాయమును మన విద్యార్థులు ఏటేట చదువుచున్నారు. దానిని ఆటస్థలమున ఆచరించుట మిగిలి యున్నది.

మన ప్రాంతమువారికి ఇది క్రొత్త మాట కాదు. ఎమ్మిగనూరు చీరను చేతబట్టినవారు అంచును, రంగును మెచ్చుకొందురు. పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతికినవానిని తలచువారరుదు. కాని అతుకు వీడినచో మగ్గము నిలిచిపోవును. అప్పుడు అతికినదెవరని అందరు నడుగుదురు.

నేనెరిగిన బాలుడొకడు రెండేండ్లు వికెట్ల వెనుక నిలిచి, ఒక సాయంకాలమున ఒక్క క్యాచి విడిచెను. తోడివారు పరిహసించిరి. చూచుచున్న పెద్దలలో నొక్కరును వారింపలేదు. వారిలో నేనును ఒకడను. వాడు మరల ఆటకు రాలేదు. వాడు పట్టిన బంతులను ఎవరును లెక్కించి యుండలేదు గనుక, వాని పక్షమున చూపుటకు ఒక్క సంఖ్యయు లేకపోయెను. ఈ వ్యాసము వ్రాయుటకు వాడే కారణము.

కావున నేను కోరునవి మూడు. మొదటిది: వార్షిక క్రీడోత్సవమున అధిక పరుగులకును, అధిక వికెట్లకును బహుమతు లిచ్చునట్లే, తన స్థానమును ఏడాది పొడవునను విడువక కాపాడిన వానికిని ఒక బహుమతి యుండవలెను. అతనిని ఎన్నుకొనవలసినవారు అధ్యాపకులు గారు, తోడి ఆటగాండ్రే. ఏలయన ఎవరి చేతులను నమ్మి తాము ఆడిరో వారికే తెలియును. రెండవది: వికెట్ కీపరు, గోలు కాపరి వంటి వారు ఆపిన బంతులను గూడ ఆట పుస్తకములో వ్రాయవలెను. మూడవది తలిదండ్రులకు: సాయంకాలము బిడ్డ యింటికి వచ్చినప్పుడు "ఎన్ని పరుగులు చేసితివి నాయనా?" అని మాత్రమే అడుగక, "నీకిచ్చిన పని చేసితివా?" అనియు అడుగుడు.

బాలబాలికలారా! మీలో గవాస్కరులు కాగలవారు కొందరే. జట్టునకు నమ్మదగిన చేతులు కాగలవారు అనేకులు. ఆ చేతులవారిని నేడు గుర్తింపుడు. వారు ఒక్కమారు తప్పినప్పుడు, వెనుకటి వేయి బంతులను తలచుకొనుడు.