ఈత కొలను లీకు: తవ్వకానికి ముందు కొలత

సూరత్‌కు ఉత్తరాన, తాపీ నదికి ఆవలి గట్టున కోసాడ్ ఉంది. మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం కట్టిన పెద్ద గృహ సముదాయం అక్కడే ఉంది. తెలంగాణ నుంచి వెళ్లిన నేతపనివారికి చిరపరిచితమైన ఈ నగరంలో ఇప్పుడు ఈత కొలను ఉన్న అపార్ట్‌మెంట్లూ లేస్తున్నాయి. అలాంటి కొలనులో నేల కింది పైపు పగిలితే ఏం చేయాలి? ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల కోసం రాసినవి. అక్కడ పైపులో నీరు గడ్డకట్టి, ఉబ్బి, పైపును చీలుస్తుంది. సూరత్‌లో నీరు గడ్డకట్టదు. ఇక్కడ అనుమానించవలసింది నేలను.

సూరత్ పరిసరాల్లో నల్లరేగడి విస్తారం. ఆదిలాబాద్, కర్నూలు రైతులకు దీని గుణం చెప్పనక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం పొరల మధ్యకు నీటిని లాక్కుంటుంది, ఎండితే వదిలేస్తుంది. కాంక్రీటు తొట్టి కదలదు, చుట్టూ మట్టి మాత్రం కదులుతుంది. ఆ రెండింటి నడుమ పీవీసీ పైపు నలుగుతుంది. సాధారణంగా ముందు దెబ్బతినేది గోడను దాటే చోటు లేదా ఎల్బో జాయింటు. లీకైన నీరు చుట్టూ ఉన్న రేగడిని తడిపి ఇంకా ఉబ్బిస్తుంది. అంటే పగులు తనను తానే పెంచుకుంటుంది.

ఇంత జరుగుతున్నా చాలాచోట్ల మొదట చేసే పని ట్యాంకరు తెప్పించడం, రెండోది టైల్స్ పగలగొట్టడం. రెండూ తొందరపాటే. ముందు ఒక బకెట్టు చాలు. కొలను నీటితోనే నింపి, కొలను మెట్టు మీద సగానికి పైగా మునిగేలా ఉంచి, లోపలా బయటా నీటి మట్టం దగ్గర గీత గీయాలి. 24 గంటల తరువాత రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. కొలను ఎక్కువగా తగ్గితే లీకు. ఇదే పరీక్షను ఒకరోజు పంపు నడుపుతూ, మరోరోజు ఆపి చేస్తే ఇంకా తెలుస్తుంది. పంపు నడిచినప్పుడు ఎక్కువ పోతే నీటిని కొలనులోకి తిరిగి పంపే పైపు మీద అనుమానం. పంపు తిరుగుతున్నప్పుడు నీటితోపాటు గాలి బుడగలు వస్తుంటే పీల్చుకునే పైపు వైపు చూడాలి.

పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలనులో ఒక్క సెంటీమీటరు తగ్గితే పోయేది 500 లీటర్లు. మన నగరాల నీటి సరఫరా ప్రణాళికల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్క వేస్తారు. అంటే ముగ్గురికి పైగా సరిపడే నీరు రోజూ మట్టిలోకి. నెలకు 15,000 లీటర్లు. కుళాయి కోసం ఎదురుచూసే కుటుంబాలున్న ఊరిలో దీన్ని సొసైటీ సొంత వ్యవహారమని వదిలేయడం సరికాదు.

మరో పెద్ద పొరపాటు, రిపేరుకని కొలనంతా ఖాళీ చేయడం. వానాకాలంలో భూగర్భజలం పైకి వస్తుంది. తొట్టి అడుగుకు ఒక మీటరు పైన నీరుంటే, పై కొలతల కొలనును కింది నుంచి ఎత్తే బలం దాదాపు 50 టన్నులు. ఆర్కిమెడిస్ సూత్రం కాంక్రీటుకు మినహాయింపు ఇవ్వదు. ఖాళీ తొట్టి పడవలా లేచి బీటలిచ్చే ప్రమాదం ఉంది. పైపు పనికి ఆ పైపు రెండు చివరలూ మూసేస్తే సరిపోతుంది.

మూసిన పైపులో నీరు నింపి, ఒత్తిడి పెంచి, గేజి ముల్లు దిగుతోందా అని చూస్తారు. ఈ పరీక్షకు గాలి వాడకూడదు. నీరు దాదాపు నొక్కుకుపోదు. నొక్కిన గాలి మాత్రం శక్తిని దాచుకుంటుంది, పీవీసీ పగిలితే ముక్కలు గుండులా ఎగురుతాయి. గొయ్యిలో కూర్చుని పనిచేసేవారి కళ్లకు ముప్పు.

పగులు దొరికాక టేపు చుట్టడం, ఎపాక్సీ ముద్ద రాయడం నాలుగు రోజుల ముచ్చట. చిన్న పగులు కూడా పదార్థం బలాన్ని ఎంత తగ్గిస్తుందో 1920ల ఆరంభంలోనే గ్రిఫిత్ గాజు మీద ప్రయోగాలతో వివరించాడు. ఒత్తిడంతా పగులు కొన దగ్గర పోగవుతుంది, అది ముందుకు సాగుతుంది. అందుకే కనిపించే పగులుకు రెండువైపులా మరికొంత కలిపి కోసేసి, కొత్త ముక్కను జారే కప్లర్లతో కలపాలి. సాల్వెంట్ సిమెంటు మామూలు జిగురు కాదు. అది పైపు ఉపరితలాన్ని కరిగించి రెండింటినీ ఒక్కటి చేస్తుంది. తడి ఉంటే ఆ పని సరిగ్గా జరగదు. డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వకుండా పంపు నడిపితే మళ్లీ మొదటికే.

ఆ తరువాత అదే రేగడిని, అవే రాళ్లను గోతిలో నింపేయడం మాత్రం క్షమించరానిది. పైపు చుట్టూ ఇసుక పరుపు వేయాలి. గోడ దాటే చోట కాస్త కదిలే జాయింటు ఉండాలి. కొత్త కొలనులకైతే ఈ పని బిల్డరు దగ్గరే మొదలవ్వాలి. పైపుల నక్షా, ఒత్తిడి పరీక్ష కాగితం చేతికి రాకుండా సొసైటీలు కొలనును స్వాధీనం చేసుకోకూడదు. పాత కొలనులకు నక్షా లేకపోతే, గొయ్యి పూడ్చేముందు పక్కన టేపు పరచి ఫోను కెమెరాతో నాలుగు ఫొటోలు తీసి ఉంచుకోవచ్చు.